లాభం, రెండు, మూడు: డకోటాల వెంట నార్మండీ దాకా

జూన్ 3, 2019, సోమవారం. కేంబ్రిడ్జ్

మా తాత బేగంపేటలో డకోటా అనే రెండు ఇంజన్ల విమానాల మెకానిక్. 1946లో, ఇరవై ఏళ్ల వయసులో, భువనగిరి దగ్గరి పల్లె నుంచి వచ్చి డెక్కన్ ఎయిర్‌వేస్‌లో హెల్పర్‌గా చేరాడు. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన ఆ సంస్థ రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మిగిలిపోయిన డకోటాలతోనే నడిచింది. 1953లో అది మరో ఏడు సంస్థలతో పాటు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయినా, తాత చేతికింద విమానం మాత్రం చాలాకాలం మారలేదు. ఆయన నోట ఆ విమానం పేరు వినని రోజు మా ఇంట్లో ఉండేది కాదు. అందుకే, 1944 జూన్ 6న మిత్రరాజ్యాల సేనలు జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్స్ తీరం మీద దిగిన నార్మండీ దాడి జరిగి 75 ఏళ్లయిన సందర్భంగా అమెరికా నుంచి, ఐరోపా దేశాల నుంచి ఇరవైకి పైగా డకోటాలు ఇంగ్లండ్‌లోని డక్స్‌ఫర్డ్‌కు చేరి, అక్కడి నుంచి జూన్ 5న సముద్రం దాటి నార్మండీలో పారాచూట్ సైనికుల వేషంలో ఉన్నవారిని దింపుతాయని తెలిసిన రోజే హైదరాబాదులో ఉన్న చిన్నాయనకు ఫోన్ చేశాను. ఆయనకు 71 ఏళ్లు. రెండు దేశాల వీసాల కోసం మూడు నెలలు తిరిగి, నిన్న రాత్రి లండన్‌లో దిగాడు.

ఈ రోజు ఎక్కువ తిరగలేదు. మధ్యాహ్నం మాడింగ్లీలోని అమెరికన్ సైనికుల శ్మశానానికి మాత్రం వెళ్లాం. ఇంగ్లండ్ నేల మీది స్థావరాల నుంచి యుద్ధానికి వెళ్లినవారి సమాధులు అక్కడ 3,800కు పైగా ఉన్నాయి. దేహాలు దొరకనివారి పేర్లు చెక్కిన పొడవాటి గోడ మీద మరో 5,000కు పైగా పేర్లున్నాయి. చిన్నాయన ఆ గోడ పక్కన ఒక కొస నుంచి మరో కొస దాకా, చేతులు వెనక్కి కట్టుకుని, పేర్లు చదువుతూ నెమ్మదిగా నడిచాడు. రేపటి నుంచి చూడబోయే వేషాలకు, విమానాలకు ముందు ఈ గోడను చూడడమే సరైన వరుస అని నాకనిపించింది.

జూన్ 4, మంగళవారం. డక్స్‌ఫర్డ్

డక్స్‌ఫర్డ్ మైదానం మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో మొదలైనది. స్పిట్‌ఫైర్ విమానాలు బ్రిటిష్ వైమానిక దళంలో మొట్టమొదట చేరింది, 1938లో, ఇక్కడి స్క్వాడ్రన్‌లోనే. ఇప్పుడది ఇంపీరియల్ వార్ మ్యూజియంలో భాగం. ఉదయం మేం గేటు దాటి గడ్డి మైదానం అంచుకు చేరేసరికి, డకోటాలు ముక్కులు పైకెత్తి, తోకలు నేలకానించి వరుసగా నిలబడి ఉన్నాయి. కొన్ని ఆకుపచ్చ యుద్ధపు రంగులో, మరికొన్ని తళతళలాడే అల్యూమినియం ఒంటితో, ఒకటి రెండు పాత పౌర విమాన సంస్థల రంగుల్లో ఉన్నాయి. రెక్కల మీదా, తోకకు ముందు నడుం మీదా నల్లవి రెండు, తెల్లవి మూడు అడ్డపట్టీలు. శత్రువు విమానమేదో మనదేదో తెలియక సొంత ఫిరంగులే కాల్చే ప్రమాదాన్ని తప్పించడానికి, 1944 జూన్ మొదటి రోజుల్లో, దాడి రహస్యం బయటపడకుండా చివరి గడియలో, వేల విమానాలకు కుంచెలతో హడావిడిగా వేసిన పట్టీలవి. ఒక్కొక్కటి రెండడుగుల వెడల్పు. ఇక్కడున్న కొన్నింటికి ఆ గీతలు కావాలనే కొంచెం వంకరగా, కుంచె జాడలు కనిపించేట్టు వేశారు. అలా వేయడమే నిజమైన పద్ధతి.

చిన్నాయన మొదట చూసింది రంగుల్ని కాదు. దగ్గరగా ఉన్న విమానం ఇంజన్ కింద ఒక రేకు పళ్లెం పెట్టి ఉంది. అందులో చుక్క చుక్కగా నల్లని నూనె పడుతోంది. ఆయన వంగి, పళ్లెం అంచును వేలితో తాకి, వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"గిదేరా. నాయన అంగీకి ఎప్పుడూ గీ వాసనే ఉంటుండె. అమ్మ ఎంత ఉతికినా పోకపోతుండె" అన్నాడు.

ఆ ఇంజన్ పేరు ట్విన్ వాస్ప్. ప్రాట్ అండ్ విట్నీ తయారీ. 14 సిలిండర్లు రెండు వరుసల్లో చక్రపు ఆకుల్లా చుట్టూ అమరి ఉంటాయి. ఒక్కో ఇంజన్‌కు 1,200 గుర్రాల శక్తి. నూనె కారడం దానికి జబ్బు కాదు, స్వభావం. నూనె కారని రోజే భయపడాలని, అంటే లోపల నూనె లేనట్టేనని తాత అంటుండేవాడు. డగ్లస్ సంస్థ డీసీ-3 మొదటిసారి ఎగిరింది 1935 డిసెంబర్ 17న. దాని యుద్ధకాలపు రూపాన్ని అమెరికన్లు సీ-47 అన్నారు, బ్రిటిష్‌వాళ్లు డకోటా అన్నారు. మనకూ ఆ రెండో పేరే మిగిలింది. సైన్యం కోసం తయారైనవే 10,000కు మించి ఉన్నాయి.

ఈ వరుసలో అందరూ గుమిగూడిన విమానం 'దట్స్ ఆల్, బ్రదర్'. 1944 జూన్ 5 రాత్రి, ముందుగా దారిచూపే దళాలు వెళ్లాక, అమెరికన్ పారాచూట్ సైన్యాల ప్రధాన వాహిని 800కు పైగా విమానాలతో బయలుదేరినప్పుడు, ఆ వరుసకు తలగా నడిచింది ఇదే. హిట్లర్‌కు 'ఇక చాలు, నీ పని అయిపోయింది' అని చెప్పినట్టుగా దానికా పేరు పెట్టారు. యుద్ధం తర్వాత దీని చరిత్ర తెలియని చేతులు ఎన్నో మారి, చివరికి విస్కాన్సిన్‌లోని ఒక కర్మాగారం ఆవరణలో, విప్పి కొత్త ఇంజన్లు పెట్టి మరో రకం విమానంగా మార్చేందుకు వరుసలో నిలబడి ఉండగా, దాని సీరియల్ సంఖ్యను పట్టుకుని ఒక చరిత్ర పరిశోధకుడు గుర్తించాడు. కమెమొరేటివ్ ఎయిర్ ఫోర్స్ అనే స్వచ్ఛంద సంస్థ జనం నుంచి చందాలు పోగుచేసి దాన్ని కొని, 1944 నాటి రూపానికి తెచ్చి, 2018 మొదట్లో మళ్లీ ఎగిరించింది.

నా మనసు మాత్రం దాని పక్కనున్న 'మిస్ మోంటానా' దగ్గర ఆగింది. ఇది యుద్ధంలో పాల్గొన్న విమానం కాదు. యుద్ధం తర్వాత మోంటానాలో అడవి మంటలు ఆర్పేవారిని పారాచూట్‌లతో దింపే పనిలో ఉండేది. 1949 ఆగస్టులో మాన్ గల్చ్ లోయలో మంటల మీదికి వెళ్లిన యువకుల దళాన్ని ఇదే తీసుకెళ్లింది. ఆ రోజు ఆ లోయలో 13 మంది కాలిపోయారు. ఆ తర్వాత మిజూలా పట్టణంలో మ్యూజియంలో నిలబడిపోయిన దీన్ని ఆ ఊరి స్వచ్ఛంద కార్మికులు చలికాలమంతా పగలూ రాత్రీ పనిచేసి, పోయిన నెలలోనే ఎగిరే స్థితికి తెచ్చారు. పదిహేను అమెరికన్ విమానాలు కనెటికట్ నుంచి బయలుదేరి, కెనడాలోని గూస్ బే, గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, స్కాట్లండ్ మీదుగా అట్లాంటిక్ దాటి వచ్చాయి. 75 ఏళ్ల నాటి ఇంజన్లతో, గ్రీన్‌లాండ్ మంచు కొండల మధ్య ఉన్న నార్సార్సువాక్ రన్‌వే మీద దిగడం అంటే ఏమిటో, విమానాన్ని దగ్గరగా చూసినవారికి తెలుస్తుంది.

సాయంత్రం అక్కడి నుంచి పోర్ట్స్‌మత్ చేరి రాత్రి ఫెర్రీ ఎక్కాం. మరునాడు అదే ఊళ్లో దేశాధినేతలందరూ కూడే స్మారక సభ ఉన్నందువల్ల వీధులన్నీ కట్టడి చేశారు. రేవు చేరడమే గొప్ప అయింది. డెక్కు మీద నిలబడి తీరపు దీపాలు వెనక్కి జరగడం చూస్తుంటే, ఇదే రేవు నుంచి అప్పుడు బయలుదేరిన ఓడల సంగతి చెప్పబోయాను. చిన్నాయన అప్పటికే కుర్చీలో నిద్రపోయాడు.

జూన్ 5, బుధవారం. సానర్‌విల్

ఉదయం వీస్త్రెయామ్ రేవులో దిగి, అద్దె కారులో కాన్ నగరానికి తూర్పున ఉన్న సానర్‌విల్ గ్రామం వైపు బయలుదేరాం. ఈ రోజు జనం దిగుతారని తెలుసు గానీ ఇంతమంది వస్తారని అనుకోలేదు. గ్రామానికి చాలా ముందే వాహనాలు కదలకుండా ఆగిపోయాయి. రెండు గంటలు గడిచాక, ఒక రైతు తన పొలం గట్టున కారు పెట్టుకోమని సైగ చేస్తే, అక్కడ వదిలి నడక మొదలుపెట్టాం. చిన్నాయన మోకాళ్ల గురించి నేను భయపడుతుంటే, "నడువురా, నేనేం ముసలోన్ని గాదు" అని ముందు నడిచాడు. మా ముందు ఒక ఫ్రెంచి కుటుంబం, తాత, తల్లి, ఇద్దరు పిల్లలు, బుట్టలో రొట్టెలు పెట్టుకుని జాతరకు పోతున్నట్టు నడుస్తున్నారు.

ఈ పొలాలను 1944లో బ్రిటిష్ సైన్యం 'కె' అనే అక్షరంతో గుర్తించింది. ఆరవ ఎయిర్‌బార్న్ డివిజన్‌లోని ఎనిమిదవ పారాచూట్ బెటాలియన్ ఇక్కడ దిగి, ట్రోర్న్, బ్యూర్ దగ్గర డీవ్ నది మీది వంతెనల్ని కూల్చాలి. తూర్పు నుంచి జర్మన్ ట్యాంకులు తీరం వైపు రాకుండా ఆపడం వాళ్ల పని. చీకటిలో, గాలిలో చెదిరి, కొద్దిమందే కూడినా వాళ్లా పని చేశారు.

చాలాసేపు ఎదురుచూశాం. మబ్బులు కమ్మి, విడిపోయి, మళ్లీ కమ్మాయి. ముందుగా చెవికి వచ్చింది చప్పుడే. జెట్ విమానం చప్పుడు తల మీద పడుతుంది. ఇది అలా కాదు, నేలలోంచి వస్తున్నట్టు, పొట్ట లోపల మోగుతున్నట్టు వచ్చింది. ఒక్క ఇంజన్ చప్పుడు వేరు, నలభై ఇంజన్ల చప్పుడు వేరు. గట్టున కూర్చున్నవాళ్లందరూ ఎవరూ చెప్పకుండానే లేచి నిలబడ్డారు. సముద్రం వైపు నుంచి నల్లని చుక్కలు కనిపించి, పెరిగి, మూడేసి చొప్పున బాణపు మొన ఆకారంలో వచ్చాయి. మొదటి విమానం ఎడమ పక్క తలుపులోంచి ఒక మనిషి, వెంటనే ఇంకో మనిషి, ఇంకో మనిషి, జల్లెడలోంచి గింజలు జారినట్టు జారిపడ్డారు. ఒక్కొక్కరి వెనుక ఒక పట్టీ సాగి, ఆకుపచ్చ గుడ్డ మూటలోంచి విడివడి, గుండ్రంగా ఊపిరి పీల్చుకున్నట్టు తెరుచుకుంది. ఆ తెరుచుకునే చప్పుడు కూడా వినిపించింది, తడిబట్టను ఝాడించినట్టు.

దూకినవారంతా 1944 నాటి దుస్తుల్లో ఉన్న స్వచ్ఛంద జంపర్లు. పారాచూట్‌లు మాత్రం అప్పటివి కావు. అదే గుండ్రని ఆకారంలో ఈ కాలంలో కుట్టినవి. అప్పుడు బ్రిటిష్ సైనికుడికి రెండో పారాచూట్ ఉండేది కాదు. అమెరికన్‌కు ఛాతీ మీద ఒకటి ఉన్నా, అంత తక్కువ ఎత్తు నుంచి దూకినప్పుడు దాన్ని తెరిచే వ్యవధి దాదాపు ఉండేది కాదు. ఈ రోజు పగలు, ఎవరూ కాల్చకుండా, గాలి వేగం కొలిచి, ఎక్కువ ఎత్తు నుంచి దూకారు. ఇదంతా తెలిసి కూడా, ఒకడు దిగి, దొర్లి, లేచి తన గుడ్డను చుట్టుకోవడం చూసినప్పుడు, చీకట్లో, వీపున బరువుతో, ఎక్కడ దిగుతున్నాడో తెలియని ఇరవై ఏళ్లవాడి సంగతి నాకు మొదటిసారిగా ఒంటికి తెలిసింది. పునఃప్రదర్శనకు విలువ ఇక్కడే ఉందని నేననుకుంటాను. పుస్తకం ఎంతమంది దిగారో చెబుతుంది. ఒక్కడు దిగడానికి పట్టిన ఆ కొద్ది క్షణాలు ఎంత పొడవో ఇక్కడ చూశాను.

ఆరవ ఎయిర్‌బార్న్ డివిజన్‌లో 1944లో నిజంగానే దూకిన ఇద్దరు, 95 ఏళ్ల హ్యారీ రీడ్, 94 ఏళ్ల జాన్ హటన్, బ్రిటిష్ సైన్యపు పారాచూట్ ప్రదర్శన బృందం రెడ్ డెవిల్స్ సభ్యులకు జతగా కట్టుకుని ఈ రోజు సానర్‌విల్‌లో మళ్లీ దిగారు. పొలంలో చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. మా ముందున్న ఫ్రెంచి తాత టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు, మళ్లీ పెట్టుకోలేదు.

జూన్ 6, గురువారం. మెర్‌విల్

రోడ్లన్నీ అధ్యక్షుల వాహనాల కోసం మూసి ఉన్న రోజు. దూరం పోకుండా మెర్‌విల్ ఫిరంగి స్థావరం చూశాం. కాంక్రీటు గుహల్లాంటి నాలుగు కట్టడాలు. లెఫ్టినెంట్ కర్నల్ టెరెన్స్ ఆట్‌వే చేతికింద 750 మంది దిగి దీన్ని పట్టుకోవాలి. ఆ రాత్రి చెదిరిపోగా ఆయన దగ్గరికి చేరింది 150 మందే. ఆ 150 మందితోనే దాడి చేసి పట్టుకున్నారు.

ఆవరణలో ఒక డకోటా ఉంది, ఎగరదు. దాని పేరు 'స్నాఫు స్పెషల్'. నార్మండీలో పాల్గొన్న ఈ విమానం, యుద్ధం తర్వాత దేశాలు మారి మారి, చివరికి బోస్నియాలో సరాయెవో దగ్గరి ఒక వైమానిక స్థావరంలో, అక్కడి యుద్ధంలో తగిలిన తూటాల చిల్లులతో, పాడుబడి ఉండగా 2007లో గుర్తించి, విప్పి, ఇక్కడికి తెచ్చి బాగుచేశారు. ఒక యుద్ధంలో పనిచేసి, అర్ధశతాబ్దం తర్వాత మరో యుద్ధంలో గాయపడిన విమానం అది. పాఠశాల పిల్లలు వరుసగా ఎక్కి దిగుతున్నారు.

జూన్ 7, శుక్రవారం. కార్పికే

మిగెల్ తుఫాను ఫ్రాన్స్ పశ్చిమ తీరాన్ని తాకిన రోజు. కార్పికే విమానాశ్రయంలో నిలిపిన డకోటాల దగ్గరికి మేం వెళ్లేసరికి గాలి చెవుల్లో హోరుమంటోంది. విమానాలను తాళ్లతో నేలకు బిగించి, చుక్కానులు కొట్టుకోకుండా చెక్క ముక్కలు బిగించి ఉంచారు. ఈ విమానాశ్రయం కోసమే 1944 జూలైలో కెనడా సైనికులు భీకరంగా పోరాడారు.

గాలి వల్ల జనం పలచగా ఉన్నారు. అదే మా అదృష్టమైంది. ఒక అమెరికన్ విమానం సిబ్బంది మమ్మల్ని లోపలికి రమ్మన్నారు. తోక నేలకు ఆని ఉండడం వల్ల లోపలి నేల ఏటవాలుగా ఉంటుంది. కాక్‌పిట్ వైపు నడవడమంటే గుట్ట ఎక్కినట్టే. రెండు పక్కలా గోడలకు అల్యూమినియం బల్లలు, సైనికులు ఎదురెదురుగా మోకాళ్లు తగిలేట్టు కూర్చునేవి. నెత్తిమీద ముందు నుంచి వెనక్కి ఒక ఉక్కు తీగ బిగించి ఉంది. ప్రతి జంపర్ తన పట్టీ కొక్కేన్ని ఆ తీగకు తగిలించుకోవాలి. దూకినప్పుడు ఆ పట్టీయే పారాచూట్‌ను లాగి తెరుస్తుంది. తలుపు పక్కన రెండు దీపాలు, ఎర్రది, పచ్చది. ఎర్రది వెలిగితే లేచి కొక్కెం తగిలించుకోవాలి, ముందున్నవాడి వీపు మీది కట్లు చూడాలి. పచ్చది వెలిగితే వెళ్లాలి.

పారాట్రూపర్ దుస్తుల్లో ఉన్న ఒక స్వచ్ఛంద కార్యకర్త, తన మీదున్న సరంజామానంతా ఒక్కొక్కటిగా విప్పి చిన్నాయన చేతికిచ్చాడు. రైఫిల్ సంచి, తూటాల పట్టీ, పార, నీళ్ల సీసా, తిండి పొట్లాలు, మందుపాతర నమూనా, లైఫ్ జాకెట్. కాలి సంచిలోని వస్తువులు జారిపోకుండా తొడ చుట్టూ కట్టే నాడా ముడి ఎలా వేయాలో, ఏ ముడి నేల తాకగానే ఒక్క లాగుతో ఊడుతుందో మూడుసార్లు వేసి చూపాడు. ఈ మూడు రోజుల్లో కొత్త బట్టలు కుట్టించుకుని ఫొటోల కోసం నిలబడేవాళ్లను కూడా చూశాను. వేషం కట్టినంత మాత్రాన చిందు భాగవతుడు కాడు. వేషానికి ముందు దీక్ష ఉంటుంది. ముడి వేయడం అంత శ్రద్ధగా నేర్చుకున్న ఈ మనిషి దగ్గర ఆ దీక్ష కనిపించింది.

ఆయన జేబులోంచి చిన్న ఇత్తడి తునక తీసి చిన్నాయన అరచేతిలో పెట్టాడు. నొక్కితే 'టిక్' మంటుంది. చీకట్లో దిగి చెదిరిపోయిన అమెరికన్ 101వ డివిజన్ సైనికులు తమవాళ్లను గుర్తుపట్టడానికి వాడిన గుర్తు అది, బర్మింగ్‌హామ్‌లోని ఆక్మి ఈలల కర్మాగారంలో చేసినది. ఒకసారి నొక్కితే అవతలివాడు రెండుసార్లు నొక్కాలి.

"జాతరల అమ్మేటి రేకు కప్ప గదా ఇది!" అన్నాడు చిన్నాయన. నొక్కాడు. తలుపు దగ్గర నుంచి ఆ కార్యకర్త రెండుసార్లు నొక్కాడు. ఒకరి భాష ఒకరికి తెలియదు. ఇంకో నాలుగైదుసార్లు అలా మాట్లాడుకున్నారు.

ఈ విమానానికి తుపాకీ లేదు, కవచం లేదు. తూటా తగిలినా మంటలు రాకుండా మూసుకునే ఇంధన ట్యాంకులు ఆ రాత్రి చాలావాటికి లేవు. ఇది మోసేది మాత్రమే. ఇదే నెలల్లో మన దేశపు తూర్పు కొసన కూడా ఇది మోస్తూనే ఉంది. 1944 మార్చిలో అరకాన్ నుంచి ఐదవ ఇండియన్ డివిజన్‌ను ఇంఫాల్‌కు ఎత్తుకురావడంలో పాల్గొంది, ముట్టడిలో ఉన్న సైన్యానికి బియ్యమూ మందులూ దించింది, గాయపడినవారిని తీసుకెళ్లింది. 1945 మే 1న రంగూన్ నది ముఖద్వారంలో ఎలిఫెంట్ పాయింట్ వద్ద గూర్ఖా పారాచూట్ సైనికులు దూకిందీ డకోటాల నుంచే. 1947 అక్టోబర్ 27న శ్రీనగర్‌లో సిక్కు రెజిమెంట్ మొదటి బెటాలియన్‌ను దించింది. ఆ రోజుల్లో పౌర సంస్థల డకోటాలనూ ఆ పనికి పిలిచారు. మరుసటి ఏడు మే నెలలో వైమానిక దళ అధికారి మెహర్ సింగ్ లేహ్‌లో, 10,000 అడుగులు దాటిన ఎత్తులో, ఇదే విమానాన్ని దింపాడు. పోయిన ఏడు మన వైమానిక దళానికి ఇంగ్లండ్‌లో బాగుచేయించిన ఒక డకోటా 'పరశురామ' పేరుతో చేరింది. శ్రీనగర్ మొదటి విమానం సంఖ్య వీపీ 905నే దానికి వేశారు. అది ఎగిరే స్థితిలో ఉండడం నాకు చాలా సంతోషం. ఈ రోజు లోపలి బల్ల మీద కూర్చున్నప్పుడు ఆ సంతోషం ఇంకా పెరిగింది. ఆ విమానంలోనూ మన సైనికుల వేషంలో మన పిల్లలు అలా కూర్చుని, ఆ ఉక్కు తీగను చేత్తో పట్టుకుని చూడగలిగే ఏర్పాటు జరగాలని కోరుకుంటున్నాను.

జూన్ 8, శనివారం. సెంట్ మేర్ ఎగ్లీజ్

కోతాంతాన్ ద్వీపకల్పం. 1944లో అమెరికన్లు దిగిన ప్రాంతం. పశ్చిమ తీరం దాటగానే మబ్బు పొర అడ్డం వచ్చి విమానాల బారులు చెదిరాయి. కిందనుంచి కాల్పులు మొదలయ్యాయి. అనుకున్న పొలాల్లో దిగినవారికన్నా దిగనివారే ఎక్కువ. చర్చి గోపురానికి పారాచూట్ తగులుకుని వేలాడిన అమెరికన్ సైనికుడు జాన్ స్టీల్ బొమ్మ ఇప్పటికీ అక్కడ వేలాడుతోంది. లోపల రంగుటద్దాల కిటికీలో మేరీమాత చుట్టూ పారాచూట్ సైనికులున్నారు. ఎయిర్‌బార్న్ మ్యూజియంలో 'ఆర్గోనియా' అనే సీ-47నూ, కర్రా గుడ్డా ఇనుప గొట్టాలతో చేసిన, ఇంజన్ లేని వాకో గ్లైడర్‌నూ చూశాం.

లా ఫియేర్ వంతెన దగ్గర మెర్‌డరే నది ఇప్పుడు పిల్ల కాలువ. అప్పుడు జర్మన్లు దాన్ని పొంగించి పొలాలను చెరువులు చేశారు. ఆ నీళ్ల మీద గడ్డి పైకి కనిపిస్తుండడంతో పైనుంచి అది మామూలు మైదానమే అనిపించింది. మీదున్న బరువుతో కొందరు మోకాలి లోతు, నడుం లోతు నీళ్లలోనే మునిగిపోయారు. నిన్న చిన్నాయన చేతిలోకి ఎత్తి చూసిన సంచి బరువు అక్కడ నిలబడ్డప్పుడు మా ఇద్దరికీ గుర్తొచ్చింది. ఆయన ఏమీ అనలేదు, నా భుజం పట్టుకుని నిలబడ్డాడు.

జూన్ 9, ఆదివారం. మళ్లీ కార్పికే

తెల్లవారేసరికి గాలి తగ్గింది. కొన్ని విమానాలు ఈ రోజు బయలుదేరతాయి. బెర్లిన్‌కు విమానాలతో ఆహారం చేర్చిన సంఘటనకు 70 ఏళ్లు నిండుతున్న ఉత్సవాల కోసం జర్మనీ వైపు. మొన్న మమ్మల్ని ఎక్కించుకున్న విమానం కూడా అందులో ఉంది. కంచె దగ్గర మమ్మల్ని చూసి ఆ స్వచ్ఛంద కార్యకర్త గుర్తుపట్టి, సిబ్బందితో మాట్లాడి, తాడు గీత దాకా రానిచ్చాడు. ఆయన ఒంటిమీద ఈ రోజు సైనిక వేషం లేదు. నూనె మరకల నీలం అంగీ ఉంది.

ఈ రకం ఇంజన్ రాత్రంతా నిలబడితే నూనె కిందికి దిగి అడుగు సిలిండర్లలో చేరుతుంది. అలాగే స్టార్ట్ చేస్తే నూనెకు పిస్టన్ తగిలి, రాడ్డు వంగి, ఇంజన్ పాడవుతుంది. అందుకే ముందుగా మనుషులు పంకా రెక్కలను చేతులతో తోసి తిప్పాలి. చేతికి గట్టిగా తగిలితే లోపల నూనె ఉన్నట్టు. వాళ్లు ఇద్దరిద్దరు ఒక్కో రెక్కను భుజం ఎత్తు నుంచి తోస్తూ, పక్కకు జరుగుతూ, తర్వాతి రెక్క అందుకుంటూ లెక్కపెట్టారు. ఇంగ్లీషులో ఒకటి, రెండు అని.

చిన్నాయన పెదాలు కదులుతున్నాయి. నేను దగ్గరికి జరిగి విన్నాను.

"లాభం... రెండు... మూడు... నాలుగు..."

తాత అలాగే లెక్కపెట్టేవాడట. కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. పల్లె నుంచి బేగంపేటకు వచ్చినా ఆయన ఆ లెక్క మానలేదు. అధికారి అడిగితే విమానం క్షేమంగా పోయి రావాలని, సార్, అనేవాడట. ఈ మాట నాకింతకు ముందు ఎవరూ చెప్పలేదు. చిన్నాయనకు కూడా ఈ రోజే గుర్తొచ్చింది.

"ఐదు... ఆరు... ఆరున్నొక్కటి..."

"ఏడు అనవద్దు" అన్నాడు నా వైపు తిరగకుండానే. "ఏడు అంటే ఏడుపు. నాయన ఎన్నడూ అనలే."

"ఎనిమిది. తొమ్మిది."

తోసినవాళ్లు పక్కకు వచ్చారు. ఒకరు మంటలార్పే సిలిండర్ పట్టుకుని ఇంజన్‌కు ఎదురుగా నిలబడ్డారు. కాక్‌పిట్ కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి, వేలు చూపి, లోపలికి వెళ్లింది. స్టార్టర్ సన్నగా మూలిగింది, పంకా నెమ్మదిగా కదిలింది. చిన్నాయన మళ్లీ మొదటి నుంచి, ఈసారి గట్టిగా, లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నేనూ కలిశాను. లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఆరున్నొక్కటి. ఎనిమిది దగ్గర ఒక సిలిండర్ దగ్గింది, తెల్లని పొగ రెక్క మీదుగా దొర్లింది, ఇంకొకటి దగ్గింది, తర్వాత పద్నాలుగూ అందుకున్నాయి. పొగ మా మీదికి వచ్చి పోయింది. చిన్నాయన చొక్కా చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, వాసన చూశాడు.